చేసేవాళ్ళలో లేని పేరు

కీసర, కోళ్ల ఫారం

ప్రియమైన ధరణీ,

నేను మంచిగనే ఉన్న. ఫోన్ బంద్ పెట్టిన. ఆన్ జేస్తే టవర్ పట్టుకొని పోలీసులు వస్తరు. గీ ఉత్తరం మేడ్చల్ పోయే గుడ్ల వ్యాన్ల, ట్రేల నడుమ పెట్టి పంపిస్తున్న. నువ్వు గూడ అట్లనే పంపు.

నిఖిల్ గాని చెయ్యి నేనే నరికిన. ఎవలో చెప్తే నువ్వు నమ్మలేదట, అందుకే నేనే రాస్తున్న. లక్ష్మణన్న మన చెలక గట్టు మీద రెండు చేతులు చాపి అడ్డం నిలబడితే, జేసీబీ నడిపింది ఆ నిఖిలే. బకెట్ దించుమని సైగ జేసింది, మన చెలక మీద కన్నేసిన భానుతేజ. మా చిన్నాయిన కొడుకు. చిన్నగున్నప్పుడు మా అమ్మ చేతి ముద్ద తిన్నోడు. అన్న మొకం మట్టిల కలిసిపోతే అంగీ చూసి గుర్తుపట్టిన నేను. దాన్ని ప్రమాదమని రాసి కేసు కతం జేసిన్రు. గొడ్డలికి నిఖిల్ గాని చెయ్యి తెగి సీటు కింద పడ్డది చూసిన. అయినా నా కడుపు సల్లబడలే.

ఇగ భానుతేజ ఉన్నడు. వాని సుట్టు మనుషులు, గేటు కాడ కుక్కలు. నువ్వు గోదాంల మిషన్ బండ్లకు దారి చెప్పే పని జేస్తవు గదా. ఏది ముందల జెయ్యాలె, ఏది ఎనుక జెయ్యాలె, కంప్యూటరే ఎతికి చెప్తదని పెండ్లికి ముందు మస్తు ముచ్చట చెప్పినవ్. గా దారి నాకు కావాలె. అన్న దినాలకు గూడ రాలేని తమ్ముణ్ణయిన. గింతన్న సాయం జెయ్యి.

బిడ్డ అశ్రితకు ముద్దులు. అమ్మను చూస్కో.

నీ అన్వేష్


గౌడవెల్లి

ప్రియమైన అన్వేష్,

నీ ఉత్తరం పగిలిన గుడ్డు సొనతో అంటుకుపోయి వచ్చింది. చదివి పొయ్యిలో పెట్టేశాను. ఒక మనిషి చెయ్యి నరికి, అది చాలలేదని ఇంకోడి ప్రాణానికి దారి చెప్పమని పెళ్ళాన్ని అడుగుతావా? నీకు సిగ్గుగా లేదా అని రాయబోయి, అది నీకిప్పుడు ఎక్కదని మానేశాను.

ముందు ఇంటి సంగతి చెబుతాను. దినాల నాడు బావగారికి పిట్టకు పెట్టారు. ఆ గట్టు మీదే విస్తరి పరిచి అన్నం, మాంసం, కల్లు, ఆయనకిష్టమైనవన్నీ పెట్టారు. ఒక్క కాకీ వాలలేదు. చనిపోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళి, సమాధి కట్టిస్తామనీ చెలక వదలమనీ మాటిచ్చారు. అయినా ముట్టలేదు. భానుతేజ కూడా వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని. అందరూ చూస్తుండగా ఏడుస్తూ అత్తమ్మ కాళ్ళకు మొక్కాడు. ఆమె వాడి తల మీద చెయ్యి పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత అత్తమ్మే లేచి, విస్తరి దగ్గర వంగి ఏదో గొణిగింది. కాకి వచ్చి ముట్టింది. ఏం మాటిచ్చావత్తమ్మా అంటే, "తల్లి కొడుకుల ముచ్చట, నీకెందుకు బిడ్డా" అంది. నిన్ను కాపాడుకుంటానని చెప్పి ఉంటుందనుకున్నాను.

ఇక నువ్వడిగింది. చేశాను. నీకు బుద్ధి చెప్పాలని చేశాను. మా ప్రోగ్రాంకి ఇప్పుడు పరిస్థితి ఏమిటో, చివరికి ఏం కావాలో, చేసేవాళ్ళెవరో, వాళ్ళేం చేయగలరో రాస్తే చాలు, దారి అదే వెతుక్కుంటుంది. చేసేవాళ్ళు అన్న చోట నీ పేరు రాశాను. కావలసింది అన్న చోట భానుతేజ చావాలని రాశాను. కళ్ళు మూసి తెరిచేలోగా చెప్పేసింది. వెనక గోడ, కుక్కలకు మాంసం, మెట్లు, గొంతు. గోదాంలో అట్టపెట్టెను ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్చడానికీ దీనికీ దానికేం తేడా లేదు.

అప్పుడు ఆ కావలసినదాని పక్కనే ఇంకో గోల్ కలిపాను. అశ్రిత మన వాకిట్లో నీ ఒళ్ళో కూర్చుని ఉండాలి. రెండూ జరిగే దారి వెతకమన్నాను. టీ చల్లారిపోయేదాకా వెతికి, దారి లేదంది. ఎన్ని రకాలుగా మార్చి అడిగినా అదే మాట.

నీకు ఏది కావాలో చెప్పు.

నీ ధరణి


కీసర

ప్రియమైన ధరణీ,

నీ మిషన్‌కు అన్న లేడు. నాకుండె.

కండ్లు మూస్తే బకెట్ పండ్లే కనబడుతున్నయ్. నిన్న రోగమొచ్చిన కోడిని చంపుమంటే మెడ తిప్పిన. చచ్చినంక గూడ ఇడువబుద్ధి కాలే, తిప్పుతనే ఉన్న, తలకాయ ఊడి చేతిలకు వచ్చింది. ఫారమోడు నన్ను చూసి ఎనుకకు జరిగిండు. గట్లున్న నేను.

శుక్రవారం పొద్దున మన చెలకల ప్లాట్ల వెంచర్‌కు భూమిపూజ అంట. అన్న రక్తం కారిన కాడ భానుతేజ కొబ్బరికాయ కొడతడంట. నేను వస్త. గోడలు దుంకుడు అక్కర్లే, మందిల నుంచే పోత. ఎనుక ఏమైతే అది కానీ. నీ రెండో గోల్ తీసెయ్యి. తీసేసి మళ్ల ఎతుకుమను.

బిడ్డను తీసుకొని బహదూర్‌పల్లిల మీ నాయినోళ్ల ఇంటికి పో.

నీ అన్వేష్


గౌడవెల్లి

ప్రియమైన అన్వేష్,

తీయను. నీ బిడ్డను తీసేయమని నాకే రాస్తున్నావని నీకు తెలుస్తోందా?

మొదటిదే మార్చాను. భానుతేజ చావాలి అన్నది కొట్టేసి, భానుతేజకు శిక్ష పడాలి అని రాశాను. దారి దొరికింది. పొడుగు దారే. అందులో మొదటి అడుగు నువ్వు లొంగిపోవడం.

అది కంప్యూటర్ మాట కదా అని కొట్టిపారేయకు. నేను ఆసుపత్రికి వెళ్ళి నిఖిల్‌ను చూశాను. మోచేతి కింద ఏమీ లేదు, గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూడగానే మంచం మీదే గోడకు జరిగాడు. నేను గుమ్మంలోనే ఆగిపోతే నోరు విప్పాడు. "సైగ జేసింది భాను సేటే అక్కా. నన్ను చూడనీకె ఒక్కసారి రాలే. జడ్జి ముంగట చెప్త. గని అన్వేషన్న బయటుంటే ఇంకో చెయ్యి గూడ పోతది నాది. ఆయన లోపలికి పోయినంకనే చెప్త" అన్నాడు. నాన్న చూసిపెట్టిన వకీలు ఇది చాలు, కేసు మళ్ళీ తెరిపిస్తానంటున్నాడు.

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, నీ మిషన్ ఏమంటాందని అడిగింది. అన్వేష్ వాణ్ణి చంపితే అశ్రితకు తండ్రి దక్కడంటోందని చెప్పాను. "చేసేటోడు వాడే ఉండాల్నా?" అంది. వకీలు సంగతి అడుగుతోందనుకుని, "కాదత్తమ్మా, కోర్టు చూసుకుంటుంది" అన్నాను. సరేనని తలూపి మళ్ళీ కాయల్లో పడింది.

శుక్రవారం పొద్దున మేడ్చల్ స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర నేనూ వకీలూ నిలబడి ఉంటాం. అశ్రిత నా చంకలో ఉంటుంది. దాని ముందు నుంచి భూమిపూజకు పోగలిగితే పో.

నీ ధరణి


కీసర

ప్రియమైన ధరణీ,

వస్త. గొడ్డలి ఫారం బాయిల పడేసిన.

అశ్రితకు ఎర్ర గౌను తొడుగు, దూరంకెళ్లి కనబడాలె. అమ్మకు నువ్వే చెప్పు. కొడుకు పిరికోడయిండని అనుకోవద్దని చెప్పు.

నీ అన్వేష్


గౌడవెల్లి

ప్రియమైన అన్వేష్,

ఈ ఉత్తరం జైలు వాళ్ళు చదివే నీకిస్తారట. చదవనీ. సీఐ గారికి కూడా ఇవన్నీ చెప్పాను. కబురు నీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. ఎలా జరిగిందో నేను చెప్పాలి.

నువ్వు స్టేషన్ మెట్ల దగ్గర అశ్రిత తల నిమురుతున్నప్పుడు అత్తమ్మ చెలకలో ఉంది. పసుపు రాసిన పళ్ళెంలో బంతిపూలు, కొబ్బరికాయ పెట్టుకుని వెళ్ళింది. పెద్దమ్మ చెలక మీద పంతం విడిచి దీవించడానికి వచ్చిందని అందరూ దారి ఇచ్చారట. ఆమె పళ్ళెం ఎవరు వెతుకుతారు? భానుతేజ మందికి కనబడేలా "పెద్దమ్మా" అని కాళ్ళకు మొక్కాడు. పూల కింద జొన్న కోసే కొడవలి ఉంది. వంగిన మెడ మీద వేసింది. వాడు లేవబోతే జుట్టు పట్టుకుని మళ్ళీ వేసింది. చేతులతో మెడ పట్టుకుని వాడు జేసీబీ వైపు పాకుతుంటే, వెనకే నడుచుకుంటూ వెళ్ళి, పాకడం ఆగేదాకా వేసిందట. పూజ ముగ్గంతా రక్తంలో కలిసిపోయింది. అంతమంది మగాళ్ళున్నారు, ఆపడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. పిట్టకు పెట్టిన గట్టు మీద కూర్చుని, పోలీసులు వచ్చేదాకా అత్తమ్మ కదల్లేదు.

సాయంత్రం ఆమెను చూడనిచ్చారు. చీర మీద రక్తం ఎండి అట్టకట్టి ఉంది. నాకు ఏడుపూ కోపం రెండూ వచ్చాయి. దారి దొరికింది కదత్తమ్మా, ఎందుకిలా చేశావన్నాను.

"నీ దారి పొడుగు బిడ్డా. గంత దూరం నడిచే వయసు నాకు లేదు" అంది. "నాడు పిట్ట ముట్టకపోతే లక్ష్మణ్‌కు చెప్పిన. నీ తమ్ముణ్ణి అడగకు కొడుకా, వానికి పిల్ల ఉన్నది, నేనే జేస్త అన్న. గప్పుడు ముట్టింది. నువ్వు రెండు గావాలంటివి గదా. రెండు అయినయి. వాడు సచ్చిండు, నీ బిడ్డ తండ్రి ఒళ్ళె కూసుంటది." నా తల మీద చెయ్యి పెట్టబోయి, చేతులు చూసుకుని వెనక్కి తీసుకుంది.

నిఖిల్ ఇక నోరు తెరవనంటున్నాడు. చచ్చినవాడి మీద సాక్ష్యం ఎవరికని అడుగుతున్నాడు. నీ మీద వాడి చేతి కేసు మాత్రం ఉంది. ఏదో ఒకరోజు నువ్వు బయటికి వస్తావని వకీలు అంటున్నాడు.

ఇంటికి వచ్చి ఆ ఫైలు తెరిచాను అన్వేష్. అత్తమ్మ గురించి అందులో ఒక్క ముక్కే ఉంది. బుచ్చమ్మ, ఇంట్లో. గోడ ఎక్కడుందో, కుక్కలెక్కడున్నాయో రాసిన వరుసలోనే ఆమెనూ రాశాను. చేసేవాళ్ళ కింద నీ పేరొక్కటే ఉంది. అక్కడ పేరు లేనివాళ్ళు ఎంతసేపైనా పెట్టిన చోటే ఉంటారని ప్రోగ్రాం నమ్ముతుంది. నేనూ అలాగే నమ్మాను. పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ ఆమె అడిగిన మాట కూడా నాకు వినపడలేదు. కొడుకు పోయిన తల్లిని గోడతో పాటు రాసినదాన్ని, నాకెలా వినపడుతుంది.

అశ్రిత అవ్వ ఏదని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అత్తమ్మ మన వాకిట్లో ఉండాలి, నువ్వు ఉండాలి, అశ్రిత మీ ఇద్దరి దగ్గరా ఉండాలి. అదీ గోల్. ఈసారి అందర్నీ చేసేవాళ్ళలోనే రాశాను. అత్తమ్మ పేరు ముందు రాశాను.

పొద్దున పెట్టాను. ఇంకా వెతుకుతోంది.

నీ ధరణి