నాన్నకు ఆ మాట చెప్పగలిగినవాడికి

ఒహైయో రాష్ట్రం జేన్స్‌విల్ పట్టణంలో ఉంటున్న లూషియస్ ట్రెస్కాట్ పెద్దకూతురు, అవివాహిత, బడిలో లాటిన్ పాఠాలు చెప్పుకుని బతికిన ఆల్మైరా ట్రెస్కాట్ అనే నేను, ఒంట్లో ఓపిక లేకపోయినా బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. స్థిమితంగానే ఉందనుకుంటున్నాను. ఇంతకుముందు రాసి చింపినవి ఏవీ చెల్లవు. అమలు బాధ్యత వకీలు ఎలైహు పామ్రాయ్ గారిది.

1. అమ్మ నీలిపూల పింగాణీ చెల్లెలు హ్యారియట్‌కు. వచ్చినప్పుడల్లా ఆ అలమర వంకే చూస్తుంది. పగిలిన కప్పును వెనక్కి తిప్పి పెట్టాను. పగలగొట్టింది నేను కాదు, దాని మొగుడు.

2. నా పుస్తకాలు బడికి. హెడ్మాస్టరు గారి గదిలో మాత్రం పెట్టకూడదు. ఆడపిల్లలకు లాటిన్ ఎందుకని ఆయన ఏటా అడిగేవారు. చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

3. నేనూ నాన్నా ఉంటున్న, నా పేర ఉన్న ఇల్లు. కలం ఇక్కడే ఆగుతోంది. డాక్టరు మాట నిజమైతే నాన్నకంటే నేనే ముందు పోతాను. నాన్నకు డెబ్భై దాటాయి, పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నాడు. "వృద్ధాశ్రమంలో చేర్పించెయ్యి అక్కా. ఇక చాలు నాన్నా అని ఎవరో ఒకరు చెప్పాలిగా!" అంటుంది హ్యారియట్. చెప్పాలి. ఎవరు?

నాన్న ఈ ఊరి బేస్‌బాల్ జట్టులో జీతానికి ఆడాడు, ఆ జట్టును తానే నడిపాడు. ఆ రోజు ఎవరు ఆడాలో రాసి ఆటగాళ్ళ గది తలుపుకు అంటించేది ఆయనే. మోకాలు పోయాక కూడా తన పేరు రాసుకుంటూనే ఉన్నాడు. తప్పించవలసినవాడూ తప్పుకోవలసినవాడూ ఒక్కడే అయితే ఏమవుతుందో ఊరంతా చూసింది. "ట్రెస్కాట్, గుర్రబ్బండి పంపమంటావా?" అని జనం అరుస్తుంటే నేను చప్పట్లు కొట్టేదాన్ని. అది ప్రేమో అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేను.

మొహం మీద చెప్పినవాడు ఒక్కడే, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ ఆగస్ట్ డీర్కర్. "కెప్టెన్, నువ్వు పరిగెత్తటంలేదు, షికారెళ్తున్నావు," అన్నాడు. మర్నాడు తలుపు మీది కాగితంలో డీర్కర్ పేరు లేదు. నాన్న అతనితో ఒక్క మాటా అనలేదు. ఆ రోజుల్లో తీసేసే పద్ధతి అంతే. ఆ ఏడు జట్టు అట్టడుగున మిగిలింది, మరుసటేడు జట్టే లేదు. డీర్కర్ పింగాణీ కార్ఖానాలో చేరాడు. వీధిలో ఎదురైతే ఇద్దరూ టోపీ అంచు తాకుతారు, అంతే.

4. కాబట్టి ఇల్లు ఆగస్ట్ డీర్కర్‌కు. షరతు ఒక్కటే: నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనతో కలిసి అందులో ఉండాలి. నాన్న ఇల్లు వదలవలసిన రోజంటూ వస్తే, ఆ మాట డీర్కరే ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఇంకెవరికీ ఆ హక్కు లేదు. అడగడానికి వెళితే నవ్వాడు: "మళ్ళీ నా పేరు కొట్టేస్తాడమ్మా." ఈసారి ఆ తలుపు మీ సొంతం అన్నాను.

5. బొత్తాలు పెట్టే కొక్కెం ఇద్దరికీ. ఒట్టిచేతులతో బంతులు పట్టి నాన్న వేళ్ళు వంకరపోయాయి, చొక్కా బొత్తాలు రోజూ నేనే పెడతాను. డీర్కర్ వేళ్ళు ఇంకా అన్యాయం. ఇద్దరివీ కలిపినా ఒక మంచి చెయ్యి కాదు. ఒకరివి ఒకరు పెట్టుకోవాలి.

6. ఇదంతా సబబేనా? ఒక మనిషి పడ్డ అవమానం మీద నా తండ్రి ముసలితనాన్ని మోపుతున్నానేమో. ఆయనకు చెప్పకుండా సంతకం చేస్తే ఆయన చేసిందే నేనూ చేసినట్టు. అందుకని ఈ ఉదయం బొత్తాలు పెడుతూ చెప్పేశాను. పై బొత్తాం పెట్టేదాకా గడ్డం ఎత్తి ఉంచాడు. తర్వాత, "ముందు వాణ్ణడిగావా, లేక ముందు నన్నే అడుగుతున్నావా?" అన్నాడు. ముందు అతన్నే అడిగానని ఒప్పుకున్నాను.

"మంచిపని చేశావు. నన్నడిగి ఉంటే వద్దనేవాణ్ణి."

1913 నవంబరు 18, జేన్స్‌విల్.

(సంతకం) ఆల్మైరా ట్రెస్కాట్

ఆమె మా ఎదుట చదివి సంతకం చేయగా చూసినవారు:
సెలీనా ఓట్లీ, పక్కింటి ఆమె
జోసయా ఫెన్, మందుల దుకాణం