కట్టు కట్టిన చెయ్యి

విజయనగరం హాస్టల్లో ఉన్న నా చిట్టి దుర్గాభవానికి,

ముందు నా గోడు విను. ధర్మేంద్ర టీకొట్టులో గ్లాసులు మార్చేశాడు. మూతి పెట్టేలోగా టీ అయిపోతోంది. అడిగితే "తాతా, నీ మూతే పెద్దదైపోనాది" అంటాడు, వెధవ.

ఫోన్లో అయితే ఇంట్లో అందరికీ వినబడుతుందని ఉత్తరం రాస్తున్నాను. మీ అమ్మ "బాగానే ఉన్నాం" అంటే నమ్మకు. తుపానుకి వరి పనలమీదే మొలకెత్తిపోయింది. అప్పట్నుంచి మీ నాన్న గడ్డం గీయడు, పలకడు. మీ అమ్మ ఏడవలేదు. జీడిపిక్కలు కాల్చే బట్టీ నుంచి పప్పు తట్టలు తెచ్చి ఇంట్లోనే కూలికి పొట్టు తీస్తోంది. ఆడవాళ్ళ పనే అయినా పక్కన కూర్చుని నేనూ తీసేవాణ్ణి. ముసలాణ్ణి కదా, మగాళ్ళ లెక్కలోంచి నన్నెప్పుడో తీసేశారు. ఎవరూ నవ్వరు.

మీ నాన్న మాత్రం మద్రాసు పోతానన్నాడు. హోటల్లో పనట.

"ఏటి పనిరా తిరుమలా?"

"కంచాలు కడగడం."

"మనింట్లో నీ కంచం ఎప్పుడైనా కడిగినావేట్రా?"

"అక్కడ నన్నెవులు సూస్తారు నాన్నా?"

ఎప్పుడూ నవ్వేవాణ్ణి, ఆ మాటకి నవ్వలేకపోయాను. మీ అమ్మ చేతిలో చాకు ఆగింది. "ఊరికి కనబడకుండా ఉండ్డానికి నాకూ కనబడకుండా పోతాడంట మావా" అంది.

బండెక్కాల్సిన రోజు పొద్దున్న కుళాయి దగ్గర నేను చెయ్యి పట్టుకుని పెద్ద కేక పెట్టాను. కుడిచేతికి గుడ్డ చుట్టారు. సాయంత్రానికి తట్ట అప్పజెప్పాలి. మీ అమ్మ ఒక్కదాని వల్ల కాదు. మీ నాన్న సంచీ దించాడు. తలుపు గడియ పెట్టి కూర్చున్నాడు.

"మెల్లగా తియ్యి. ముక్కలైతే కూలి కోసేస్తారు" అంది మీ అమ్మ.

"నాకు సెప్పకు" అంటూనే ఒకటి విరగ్గొట్టాడు. సాక్ష్యం లేకుండా ఆ ముక్క నేను తినేశాను.

బండి వెళ్ళిపోయింది. మర్నాడూ కూర్చున్నాడు. నిన్న వెలుతురు చాలట్లేదని తనే లేచి తలుపు తీశాడు. వీధిలో బుల్లమ్మ ఆగి మరీ చూసింది. మీ నాన్న చెవులు ఎర్రబడ్డాయి. తలుపు మాత్రం మూయలేదు.

ఇదెన్నాళ్ళో తెలీదమ్మా. మళ్ళీ సంచీ సర్దుతాడేమో. అందరం అలిసిపోయాం.

మీ నాన్నకి చెప్పకు గానీ, నా చేతికి ఏమీ కాలేదు. ఈ ఉత్తరం ఆ కుడిచేత్తోనే రాశాను. వాడి అడుగుల చప్పుడు వినబడుతోంది, కట్టు మళ్ళీ చుట్టుకోవాలి.

నీ దొంగ తాత,
సోములు