పానాల సంచి, బండి, సోమలింగం

సూరత్ నగరం అమ్రోలిలో కాపురముంటున్న దూస సోమలింగం భార్య కొమురవ్వ అనే నేను, యాభై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. జ్వరం ఉంది, ఆయాసం ఉంది. బుద్ధి మాత్రం చెడలేదు. అనుమానం ఉన్నవాళ్లు కింద రాసింది చదివి తేల్చుకోవచ్చు.

నన్ను వెనక గదిలో విడిగా ఉంచారు. ఆసుపత్రిలో మంచం కోసం నా బిడ్డ హారతి పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉంది. దొరికితే వెళ్తాను. వెళ్లినవాళ్లందరూ తిరిగి రావడం లేదు కాబట్టి ముందే రాసి పెడుతున్నాను. నాకు చావంటే అంత భయం లేదు. దీపావళికి బట్ట నేసే సాంచెల కార్ఖానాలు మూతపడగానే నా మొగుడు ఒక్కడే బండెక్కి పోతాడు, అదీ నా భయం. పెళ్లయిన నాటి నుంచి తన సంచి తను సరిగ్గా సర్దుకున్న మనిషి కాదు.

1. అమ్రోలిలోని ఇల్లు నా తదనంతరం నా భర్తకు, ఆయన తర్వాత హారతికి చెందాలి. నా మెడలోని బంగారు గుండ్లపేరు హారతికి. కొట్టుకు చచ్చేంత ఆస్తి కాదు గనుక దీని గురించి ఇంతే.

2. మోటార్ సైకిలు కాగితాలు నా పేరున ఉన్నాయి. బండి నా భర్తకు రాసిస్తున్నాను. నా దినం కాకముందే ఆయన అక్క కనకవ్వ వచ్చి, "ఇగ బండెందుకు తమ్మీ, అమ్మి పారెయ్" అంటుందని నాకు తెలుసు. దీపావళి సెలవులకు అందరూ రైలెక్కి ఊరికి పోతుంటే మేమిద్దరం బండి మీద ద్వారక పోయాం, భుజ్ పోయాం, సిరిసిల్ల దాకా కూడా పోయాం. పోయిన ప్రతిసారీ ఆమె, "గీ వయసుల మొగని నడుం వట్టుకొని ఊర్లు తిరుగుడేంది, సిగ్గు లేదా?" అని అడిగింది. లేదు వదినె. ఆమె మాట మీద బండి అమ్మితే ఆ అమ్మకం నాకు సమ్మతం కాదు. కనకవ్వకు నా రెయిన్ కోటు ఇవ్వాలి. వానాకాలంలో అది తొడుక్కుని బాల్కనీలో నిలబడి, ఎవరింటికి ఎవరొచ్చారో హాయిగా చూసుకోవచ్చు.

3. బండి బాగుచేసుకునే పానాల సంచి కూడా నా భర్తకే, కానీ షరతులతో. రింగ్ రోడ్ మార్కెట్లో పారేసే మందపు గుడ్డ ముక్కలు తెచ్చి నేను కుట్టిన సంచి అది. ప్రతి పానాకూ వేరే జేబు ఉంది. రోడ్డు పక్కన ఏదైనా మరిచిపోతే ఖాళీ జేబు వెంటనే కనబడుతుంది. ఈ మాత్రం తెలివి మగవాళ్లకు ఎందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి.

ఒక్కసారి, నాకు ఒంట్లో బాగుండకపోతే, ద్వారక ప్రయాణానికి ఆయనే సర్దాడు. పాటల డబ్బా పెట్టాడు, గడ్డం గీసుకునే అద్దం పెట్టాడు, అటుకుల చుడువా రెండు రకాలు పెట్టాడు. పంక్చరు అతికే సామాను పెట్టలేదు. అడిగితే, "తొవ్వల దుకాణాలు లేవానే?" అన్నాడు. జామ్‌నగర్ దాటాక మేకు దిగింది. చుట్టూ ముళ్ల పొదలు తప్ప దుకాణం లేదు. కొత్త ట్యూబు తీస్తే దానికీ చిల్లే! మహానుభావుడు దాన్ని పానాలతో కలిపి కుక్కాడు, దారంతా ఇనుము దాన్ని కొరికింది. ఆయన చుడువా తింటూ ఆలోచిస్తూ కూర్చున్నాడు. నేను లేచి ఉప్పు లారీని ఆపాను. కాబట్టి షరతు: ట్యూబుకు పౌడరు చల్లి, పాత చీర ముక్కలో చుట్టి, ఇనుముకు దూరంగా పెట్టాలి.

4. కొత్త క్లచ్ వైరును సంచిలో పెట్టకూడదు. పాతదాని పక్కనే బండికి కట్టి ఉంచాలి. తెగినప్పుడు కొసలు మార్చుకుంటే చాలు. ఇది నా ఉపాయం. భుజ్ దారిలో ఇదే మమ్మల్ని కాపాడింది. సాయంత్రానికల్లా ఆయన తన దోస్తు బుచ్చిరాములుకు ఫోన్ చేసి, "నేనే గట్టిన, ముందుగాలనే ఎర్క నాకు" అని చెప్పుకున్నాడు. పక్కనే కూర్చుని అంతా విన్నాను. ఇకపై ఆ ఉపాయం ఆయనదే. నిజంగానే రాసిస్తున్నాను.

5. సదరు బుచ్చిరాములుకు నా పాత గాలి పంపు. నిరుడు లాక్‌డౌన్‌లో అతను ఊరికి బండి మీద బయల్దేరి, మిక్సీ కట్టుకున్నాడు, పెళ్లానికని చీరల మూట కట్టుకున్నాడు, పంపు మాత్రం మరిచాడు. దారిలో టైరు గాలి పోయింది, షాపులన్నీ బంద్. మా ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, జర వదినెకియ్యి ఫోను" అన్నాడు. ఆడవాళ్లకు బండి సంగతులేం తెలుసని నా ముందే నవ్విన పెద్దమనిషి! చీరలు టైరులో కుక్కి మెల్లగా నడుపుకుంటూ పొమ్మన్నాను. ఊరు చేరాడు. పెళ్లాం ఇప్పటికీ మాట్లాడటం లేదట.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత హారతిది. ఏటా దీపావళికి ముందు వాళ్ల నాయన సంచి విప్పి జేబులు చూడాలి. నా హెల్మెట్ కూడా హారతికే. ఎవరి వెనుకైనా కూర్చుంటుందో, తనే నడుపుతుందో, అది తన ఇష్టం. కనకవ్వ వదినెను అడగనక్కర్లేదు.

7. ఇది నా భర్తకు మాత్రమే. గడప అవతల కూర్చుని, "ఏం రాస్తున్నవే గింతసేపు?" అని అడుగుతున్నాడు. లోపలికి రావద్దంటే రాడు, లేచి పొమ్మంటే పోడు. నువ్వు ఒక్కడివే పోతావంటే నాకు ఏడుపొస్తోంది, అయినా పో. ఇంట్లో కూర్చోకు. సంచిని వెనుక సీటు మీద, నేను కూర్చునే చోటే కట్టుకో. బంకులో గాలి పట్టేవాడు, "సింగలా, డబలా?" అని అడుగుతాడు. ఇన్నేళ్లూ డబల్ అని చెప్పావు. ఇకనుంచి సింగల్ అని చెప్పాలి. నోరు రాక డబల్ అన్నావంటే వెనుక టైరులో గాలి ఎక్కువై మలుపుల్లో బండి జారుతుంది. ఏడుపొస్తే వాడి ముందే ఏడువు, పర్వాలేదు. గాలి మాత్రం ఒక్కడికే పట్టించుకో.

అమ్రోలి, సూరత్. 2021 ఏప్రిల్ 19, సోమవారం.

(సంతకం) దూస కొమురవ్వ

ఆమె సంతకం చేస్తుండగా కిటికీ అవతలి వరండాలో మాస్కులతో నిలబడి చూసి, సాక్షి సంతకాలు చేసినవారు:

బాలవ్వ, పక్కింటి ఆమె
ఉమాకాంత్, కింది అంతస్తు