గుర్రం మీద ఆగిన గుండె

డాన్,

నీకు తెలుగు చదవడం రాదు. అయినా ఇది నీకే చెప్పాలి.

మీ మూలపురుషుడు, ఆ ఐర్లండ్ ప్రభువు, గుర్రం మీదే గుండె ఆగి పోయాడని నవ్వుతూ చెప్పేవాడివి. మీ నాన్న చర్చి మెట్ల మీద, నువ్వు వాకిట్లో మంచు తీస్తూ అలాగే పోయారు. మొన్న మన నోరా స్కూల్లో పరుగెత్తుతూ పడిపోయింది. కాసేపటికి లేచింది కానీ, డెట్రాయిట్ ఆస్పత్రిలో స్కాన్ చూసిన డాక్టర్, "మీ ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా?" అని అడిగాడు. నేను ఆ ప్రభువు దగ్గర్నుంచే మొదలుపెట్టాను. ఆయన నవ్వలేదు.

"గుండె గోడ మందంగా ఉంది. తండ్రి వైపు నుంచి వచ్చిందే. మందులు వాడండి, ఇక పరుగులు వద్దు," అన్నాడు.

నోరా ఇప్పుడు వాక్‌మన్ పెట్టుకుని సోఫాలో పడుకుంది. ఊపిరి ఆడుతోందా అని వంగి చూశాను.

"అమ్మా, అలా చూడకు. నాకు భయమేస్తోంది," అంది కళ్లు తెరవకుండానే.

"చూడనులే," అని కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.