చెవి చూసి వద్దన్న సంబంధం

వెన్‌జూ అక్కా,

ఇవాళ ఇంట్లో నానమ్మ, నేను, పెళ్లి కుదిర్చిన లియావో అత్త, నీకు కాబోయే అత్తగారు ఉన్నాం. నేను హాస్టల్ బస్సుకి వెళ్తున్నాను. తామరదుంప సూప్ కిందనే పెట్టాను. చంకల్లో కుట్లు మానేదాకా చేతులు పైకెత్తకు.

నువ్వు కట్టు మార్పించుకోడానికి ఆస్పత్రికి వెళ్లావని మేం చెప్పలేదు. కాబోయే అత్తగారు, ఆ మహాతల్లి, కొక్కేనికున్న నీ కోటు చంకలు వాసన చూసింది. ఏమీ దొరకలేదు. అప్పుడు "రా పిల్లా, చెవి శుభ్రం చేస్తాను" అంటూ ముద్దుగా నా తల ఒళ్లో పెట్టుకుంది. గులిమి తడిగా ఉంటే చంకల కంపు వంశంలోనే ఉన్నట్టట. వెదురుపుల్లకి అంటిన తడి గులిమిని వెలుతుర్లో చూసి, సంబంధం వద్దని లేచింది. పుల్ల మాత్రం మన బల్లగుడ్డకే తుడిచింది. ఆవిడ నోట్లో వెల్లుల్లి కంపుకి ఏ డాక్టరు గాటు పెడతాడో.

తా.క. వాళ్ల వెనకే లియావో అత్త ఇంటికి వెళ్లి, కాబోయే అత్తగారితోనే మాట్లాడాను. "చిన్న గాట్లు పెట్టి చెమట గ్రంథులు తీసేశారు, అక్క దగ్గర ఇప్పుడు వాసన రాదు" అన్నాను. నేనే అన్నాను, నమ్ము.

"రేపు పుట్టే పిల్లలకో?" అంది.

"తడి గులిమి నా చెవిలోదే కదండీ. ఇందాక అంతసేపు మీ ఒళ్లో పడుకున్నాను, కంపు కొట్టానా?" అన్నాను.

నా మొహం మీదే తలుపేసింది.