పొల్లులో పోయిన గింజ

కలకత్తా,
12 ఫిబ్రవరి 2023.

అమ్మకు, నీ బిడ్డ మనీష దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను, వేళకు తింటున్నాను. అక్కడ నువ్వూ బాపూ బాగున్నారనీ, నీ మోకాలు కాస్త నీ మాట వింటోందనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ‘ఫోన్ల మాట గాలికి పోతది, ఉత్తరమైతే పెట్టెల ఉంటది’ అని రాశావు. నిజమే. అందుకే చెప్పాల్సినది ఈసారి ఉత్తరంలోనే చెబుతున్నాను. కోస్గి మార్కెట్ యార్డుకు కందులు బాగా వస్తున్నాయనీ, రోజంతా చెరుగుడేననీ రాశావు. ముక్కుకు కొంగు కట్టుకోవడం మరువకు.

గాలయ్య మామ ఇంకా వదలలేదా! ‘మనీష సింగరేణిల పెద్ద కొలువు చేస్తాంది, మావోనికి గూడ జర జాగా చూడుమను’ అంటున్నాడట. తప్పు నాదే. ఏం చదువుతున్నావని అడిగితే, కార్బన్ అంటే తెలియదేమోనని ‘బొగ్గు మీద’ అన్నాను. మన దగ్గర బొగ్గంటే సింగరేణే కదా! నేను తవ్వడం లేదని, లెక్కపెడుతున్నానని చెప్పు.

‘ఏం లెక్కపెడ్తవు బిడ్డా?’ అని అడిగావు. విను. నక్షత్రం కడుపులో హీలియం అనే చిన్న కేంద్రకాలు మూడు కలిస్తే కార్బన్ కేంద్రకం అవుతుంది. కానీ పుడుతూనే దానికి శక్తి ఎక్కువై కుదురుగా ఉండలేదు. దాదాపు ఎప్పుడూ మళ్లీ మూడు ముక్కలైపోతుంది. పదివేలలో ఏ నాలుగో మాత్రం ఆ మిగులు శక్తిని కంటికి కనబడని వెలుగుగా వదిలేసి నిలబడతాయి. అలా నిలిచినవాటి నుంచే పొయ్యిలో బొగ్గూ, యార్డులో కందులూ, నువ్వూ నేనూ. ఆ లెక్క మారితే నక్షత్రాలలో కార్బన్ ఎంత పుడుతుంది, ఆక్సిజన్ ఎంత అన్న లెక్కలన్నీ మారతాయి. మేమిక్కడ యంత్రంతో కార్బన్‌ను కొట్టి, దాన్ని ఆ స్థితికి తెచ్చి, ఎన్ని విరిగాయో ఎన్ని నిలిచాయో చూస్తాం.

దసరాకు ఫోన్ చేసి, నా లెక్కలో నాలుగు కాదు మూడే తేలాయని, పెద్ద పెద్ద పుస్తకాలనే దిద్దాలని ఎగిరాను. నువ్వు యార్డంతా చెప్పుకున్నావు. ఉగాదికి నాకు శాలువా కప్పుతారట, మురిసిపోతూ రాశావు. అది చదివి ఏడ్చాను. అమ్మా, ఆ మూడు తప్పు.

నెల కిందట, ఆ లెక్క రాసిన వ్యాసం పత్రికకు పంపడానికి వారం ముందు, నువ్వు గుర్తుకొచ్చావు. తోటివాళ్లంతా పొల్లు పారబోసి లేస్తే నువ్వు మాత్రం కూర్చునే ఉంటావు. ‘పొల్లును ఇంకొక్కపారి చెరగాలె బిడ్డా, గాలికి మంచి గింజ గూడ పోతది’ అంటావు. పనికిరావని నేను కంప్యూటర్‌లో పక్కన పడేసినవాటిని మళ్లీ తీశాను. నిలిచిన కేంద్రకాలు అందులోనూ ఉన్నాయి. నేనే మరీ గట్టిగా చెరిగాను. కలిపి చూస్తే నాలుగే. పుస్తకాలే ఒప్పు.

చెప్పకుంటే ఎవరికీ తెలిసేది కాదు, డాక్టరేటు పట్టా చేతికొచ్చేది. మూడు రోజులు దాచాను. చివరికి, నాతో ఈ పని చేయిస్తున్న శ్రీవాణి మేడంకు చెప్పేశాను. ఆమె నా లెక్కంతా మొదటి నుంచి చూసింది. తర్వాత, “పారేసినదాన్ని మళ్లీ చూడమని నీకెవరు చెప్పారు?” అంది. మా అమ్మ అన్నాను.

వ్యాసం ఆగింది. పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోయింది. ఫికర్ పడకు, ఈసారి లెక్క గట్టిది. ఇప్పుడు ఇక్కడ ఎవరు లెక్క తెచ్చినా, పక్కన పడేసినదాన్ని ఇంకోసారి చూడాల్సిందేనని మేడం నియమం పెట్టింది. ఆ పనికి పేరు నన్నే పెట్టమంది. ‘చాట’ అని పెట్టాను. బెంగాలీ పిల్లలు కూడా “చాట అయిందా?” అని ఒకరినొకరు అడుగుతున్నారు.

యార్డులో నా తప్పు నువ్వే చెప్పు, దాచకు. శాలువా మాత్రం వద్దనకు. అది నీకు కప్పమను.

ఇట్లు,
పొల్లు మళ్లీ చెరిగిన నీ బిడ్డ,
మనీష