నీ కొలతకు చెక్కిన పన్ను

సరోజా,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నువ్వు చదవవు, ఇంకు దండగ. కానీ మొన్న పంజాగుట్ట పళ్ల డాక్టరు దగ్గర జరిగింది నీకు కాక ఎవరికి చెప్పను?

నీ పైదవడ పన్నుకు వేయించిన జిర్కోనియా క్యాప్ మీ భీమిలి వైపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచే చేస్తారని చెబితే నవ్వావు. ఆ జిర్కానే మన బాత్రూం టైల్స్‌కు తెలుపునిస్తుంది, ఉక్కు పోసే అచ్చుల్లో కరగకుండా నిలుస్తుంది. భూమి వయసు తేల్చేవాళ్లూ దాని రేణువులనే అడుగుతారు. కిందటేడు నీ అస్థికలు ఏరినప్పుడు బూడిదలో చెక్కుచెదరకుండా కనిపించింది ఆ క్యాపే. నదిలో కలిపేశాను. ఉంచుకోవాల్సిందని ఏడాదిగా అనుకుంటున్నాను.

మొన్న నాకూ అదే పన్నుకు ల్యాబు నుంచి క్యాప్ వచ్చింది. నా నోట్లో పెట్టి, దానితో వచ్చిన కాగితం మీద నీ పేరు చూసి డాక్టరమ్మ ఆగిపోయింది. మనిద్దరికీ ఒకటే ఫోన్ నంబరు ఇచ్చాం కదా, అమీర్‌పేట ల్యాబువాళ్లు నీ ఫైలు తెరిచి నీ పన్నే మళ్లీ చెక్కారు.

ఫోన్ చేస్తే ల్యాబు మనిషి పరుగున వచ్చాడు.

"గల్తీ మాదే సార్, మాఫ్ చేయుండ్రి. జర తీసెయ్యండి మేడం. ఒకరిది ఇంకొకరికి కూసోదు."

"కూర్చుంది," అంది డాక్టరమ్మ మెల్లగా. "వెంట్రుక దూరే సందు కూడా లేదు."

ఇద్దరూ వంగి నా నోట్లోకి చూశారు.

"తీసేయమంటారా అంకుల్?" అడిగింది డాక్టరమ్మ.

నోరు తెరిచే ఉంది గనక తల అడ్డంగా ఊపాను.

ఆమె సిమెంటు కలిపి అతికించింది. గంట వరకు ఏమీ తినొద్దని చెప్పింది.